పథ్యానికో గడువు

కూచో తల్లీ. ముందు ఆ చేతి గడియారం తీసి అవతల పెట్టు. ఇవాళ నువ్వెన్ని అడుగులు వేశావో అది లెక్క చెబుతుందట కదా. మా రోజుల్లో ఆ పని పక్కింటి పిన్నిగారు చేసేవారు. ఎవరు ఎటు వెళ్లారో, ఎన్నింటికి తిరిగొచ్చారో అన్నీ ఆవిడ దగ్గర ఉండేవి. ఛార్జింగు కూడా పెట్టక్కర్లేదు.

ఇందాక వంటింట్లో చూశాను. అరచేతి వెడల్పు త్రాసు ఒకటి పెట్టి అన్నం తూస్తున్నావు. రెండు మెతుకులు వేస్తావు, అంకె చూస్తావు, మళ్లీ ఒక మెతుకు తీస్తావు. మా నాన్న బతికుంటే అది చూసి బంగారం అనుకుని తలుపులు వేయించేవాడు. నిన్ను సాధించడానికి కాదులే. తూకం అనేసరికి నాకు పాత సంగతులు బోలెడు గుర్తొచ్చాయి. రాత్రి ఎనిమిదైంది, ఎలాగూ నువ్వు ఇప్పుడేమీ తినవు, వినడానికైతే తూకం అక్కర్లేదు కదా.

మా చిన్నప్పుడు ఇంట్లో తూకానికి వచ్చేవి బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు. వీశెల్లో తూచేవాళ్లు. వీశె అంటే నూట ఇరవై తులాలు, మీ లెక్కన కిలోన్నరకి కాస్త తక్కువ. ఎనిమిది వీశెలైతే మణుగు. బియ్యానికైతే తూకమే లేదు, అన్నీ కొలతలే. సోల, తవ్వ, మానిక, కుంచం. 1957లో నయాపైసలొచ్చాయి, ఆ వెనకే కిలోలూ వచ్చాయి. మా నాయనమ్మ ఆ కిలోని చచ్చేదాకా నమ్మలేదు. "వీశె పేరు తీసేసి కొట్టువాడు తక్కువ తూస్తున్నాడ్రా" అని మా నాన్న మీద కేకలేసేది. నిజమేగా, కిలో వీశెకన్నా తక్కువే! ఆవిడకి చదువు రాదు గానీ చెయ్యే త్రాసు.

మరి మనుషుల్ని తూచడం ఎక్కడ? గుళ్లో. బిడ్డకి జబ్బు చేస్తే తులాభారం మొక్కుకునేవాళ్లు. పిల్లాణ్ణి ఒక తట్టలో కూచోబెట్టి రెండో తట్టలో బెల్లమో అరటిపళ్లో వేసేవాళ్లు. పిల్లాడు ఎంత బరువు తూగితే తల్లికి అంత గర్వం. తెలంగాణలో మేడారం జాతర ఉంది చూశావూ, అక్కడ ఈనాటికీ మనిషి ఎత్తు బెల్లం తూచి సమ్మక్క సారలమ్మలకి ఇస్తారు. ఆ బెల్లాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. బరువెక్కువున్నవాళ్లకి అక్కడ బెల్లం ఖర్చే తప్ప సిగ్గన్నది లేదు.

గుడి దాటితే రైలు స్టేషను. రాజమండ్రి స్టేషన్లో నిలువెత్తు బరువు మిషను ఉండేది. రంగురంగుల లైట్లు, అద్దం వెనకాల గిరగిరా తిరిగే చక్రం. పైకెక్కి, చక్రం ఆగేదాకా కదలకుండా నిలబడి, పూలంచు పది పైసల బిళ్ల వేస్తే లోపల ఖటుక్కుమని చప్పుడై అట్టముక్క ఒకటి కింద పడేది. ఒక వైపు బరువు, జాతకం. రెండో వైపు సినిమా తార బొమ్మ. పది పైసలంటే ఆ రోజుల్లో తీసిపారేసేది కాదు. అందుకని మా నాన్న ఏడాదికొక్కసారి, తిరుపతి వెళ్లేటప్పుడు మాత్రమే ఎక్కేవాడు. బరువు ఎంతో చూసేవాడు కాదు. జాతకం చదువుకుని, "ధనలాభం ఉందిటే" అని మా అమ్మకి వినిపించి, ఆ అట్టముక్కని పంచాంగంలో దాచుకునేవాడు. ధనం రాలేదు గానీ పంచాంగం లావెక్కింది.

మా మేనత్త కథ ఇంకా బాగుంటుంది. కొత్తగా కాపురానికి వెళ్లిన రోజులు. ఆవిడ నడుముకి వడ్డాణంతో, ఒక చేతిలో మామిడిపళ్ల బుట్టతో, చంకలో పిల్లాడితో ఆ మిషను ఎక్కింది. చక్రం తిరిగి తిరిగి ఆగేసరికి బ్రహ్మాండమైన అంకె పడింది. దిగి, ప్లాట్‌ఫారం మీద ఉన్న వాళ్లందరికీ వినపడేలా ఆ అంకె చదివి, ఆ అట్టని కవర్లో పెట్టి పుట్టింటికి పంపింది. అత్తారింట్లో తనని ఎంత బాగా చూసుకుంటున్నారో దానికంటే రుజువేముంటుంది? మా నాయనమ్మ ఆ అట్టని వీధిలో పదిళ్లకి చూపించి ఆనందబాష్పాలు రాల్చింది. బుట్ట సంగతి, పిల్లాడి సంగతి బయటపడ్డాక కూడా ఆవిడ మాట మార్చలేదు. "పిల్లాడు మాత్రం ఎవరి ఒళ్లు?" అంది.

అలా ఉండేది కాలం. "ఒళ్లు చేసిందే" అంటే మెచ్చుకోలు. "చిక్కిపోయావేమే" అంటే పరామర్శ. ఇప్పుడు రెండూ తారుమారయ్యాయి. ఏ ఎండకా గొడుగు.

నన్నడిగితే ఆ మెచ్చుకోలూ అంత గొప్పదేం కాదు. ఎందుకంటే నేను సన్నగా ఉండేదాన్ని. ఇప్పుడు నవ్వుతావు గానీ, నిజమే, వెదురుబద్దనని పేరు. పెళ్లీడు వచ్చేసరికి ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. మా పిన్ని సున్నుండల కార్యక్రమం మొదలెట్టింది. పొట్టుమినపప్పు సన్నసెగన కమ్మటి వాసన వచ్చేదాకా వేయించడం, తిరగలిలో విసరడం, కొత్తబెల్లం కొట్టి కలపడం, వేడి నెయ్యి పోసి పట్టుగా ఉండలు కట్టడం. పిండి మరీ మెత్తగా ఉంటే అంగిట్లో అతుక్కుంటుందని కాస్త పలుకుండేలా విసిరేది. పొద్దున రెండు, సాయంత్రం రెండు. మధ్యలో గుక్కెడు టానిక్కు. వాటర్‌బరీస్ కాంపౌండ్ అని ఒకటి ఉండేది, బలం పట్టడానికి ప్రతి ఇంట్లో ఒక సీసా. నాకు ఒళ్లు రాలేదు. తిరగలి విసిరి విసిరి మా పిన్నికి దండలొచ్చాయి.

పెళ్లిచూపుల నాడు చీర లోపల రెండు లంగాలు కట్టించారు, మనిషి నిండుగా కనపడాలని. ఏప్రిల్ నెల, రాజమండ్రి ఎండ! పెళ్లివారి తరఫు పెద్దావిడ ఒకరు దగ్గరికి పిలిచి, ముద్దు చేస్తున్నట్టు నా మణికట్టు పట్టుకుని రెండు వేళ్లతో కొలిచింది. లంగాలు మణికట్టుకి కట్టరు కదా. "పిల్ల బక్కపల్చగా ఉంది, బిందెడు నీళ్లు మోయగలదా?" అంది. మీ తాతయ్య అక్కడే కూచుని, "మనింట్లో కుళాయి ఉందిగా" అన్నారు. అంతే, నాకు ఆయన నచ్చారు.

సినిమాలూ అలాగే ఉండేవి. సావిత్రి నిండుగా తెర మీదికొస్తే జనం మురిసిపోయేవారు. 1957లో మాయాబజార్ వచ్చినప్పుడు ఎస్వీ రంగారావు ఘటోత్కచుడై ఆ పెళ్లివంటలన్నీ ఒక్కడే ఆరగిస్తుంటే, హాల్లో తల్లులు పిల్లల్ని "చూడరా, తినడమంటే అలా" అనేవాళ్లు. లావుపాటి రేలంగి పక్కన సన్నపు రమణారెడ్డి వచ్చి నిలబడితే చాలు, డైలాగు లేకుండానే నవ్వు. గురజాడవారు దేశభక్తి గురించి గీతం రాస్తూ తిండికీ కండకీ ముడివేసి వెళ్లారంటే ఊరికే కాదు తల్లీ. ఆకలి అప్పుడు గుమ్మం దాకా వచ్చి కూచుని ఉండేది.

ఈ మాట చెప్పకుండా పాత రోజులన్నీ పాలు తేనెలు అంటే అబద్ధమవుతుంది. ఒళ్లంటే జనానికి అంత మోజు ఎందుకు? ఒళ్లున్నవాడు తిన్నవాడని లెక్క. 1965, 66ల్లో వానలు పోయాయి. గోదావరి జిల్లాలో ఉండి కూడా బియ్యానికి వెతుక్కున్నాం. ఓడల మీద అమెరికా గోధుమలొచ్చాయి. వాటిని ఏం చేసుకోవాలో మా వీధిలో ఎవరికీ తెలీదు. మా పక్కింటావిడ అన్నంలా వండి, గంజి వార్చబోయి, చివరికి గేదెకి పెట్టింది. గేదె కూడా ఆలోచించింది.

ఇళ్లల్లో వడ్డన సంగతి విను. ముందు మగవాళ్ల పంక్తి, తర్వాత పిల్లలు, ఆఖరున ఆడవాళ్లు. మగవాళ్లకి కొసరి కొసరి వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన మాడుచెక్కా మజ్జిగా తిని లేచిన తల్లుల్ని నేను చూశాను. ఇల్లాలు ఇంటికి లక్ష్మిలా బొద్దుగా ఉండాలని అనేదీ ఆ ఇల్లే, ఆవిడకి పప్పు మిగల్చనిదీ ఆ ఇల్లే. కడుపే కైలాసం అంటారు గానీ, ఎవరి కడుపో చెప్పరు.

తిండి ఉన్నా బలం లేని వింత కూడా మన సర్కారు జిల్లాల్లోనే జరిగింది. పంతులమ్మని కాబట్టి ఇది చెప్పకుండా పోనివ్వను, ఓపిక పట్టు. మా నాయనమ్మ కాలంలో ఒడ్లు ఇంట్లోనే దంచేవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి, రోకళ్లు ఒకదానికొకటి తగలకుండా పోట్లు వేస్తుంటే చూడ్డానికి రెండు కళ్లు చాలవు. దంపుడు బియ్యానికి పై తవుడు పూర్తిగా పోదు. తర్వాత మిల్లులొచ్చి మల్లెపువ్వుల్లాంటి బియ్యం ఇచ్చాయి. అందరూ తెల్లన్నానికి ఎగబడ్డారు. తవుడుతోపాటు అందులో ఉన్న బి1 విటమిన్ పోయింది. కాళ్లు తిమ్మిర్లెక్కి, నీరు పట్టి, గుండె నీరసించే బెరిబెరి మన కోస్తాలో పట్టుకుంది. ఆ జబ్బు సంగతి తేల్చడానికే మెక్‌కారిసన్ అనే దొర 1918లో నీలగిరుల్లో కూనూరు పాస్చర్ సంస్థలో ఒక్క గదిలో పరిశోధన మొదలెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. తార్నాకలో బస్సు దిగితే కనపడుతుందే, జాతీయ పోషకాహార సంస్థ, అదే. మన అన్నం ముద్దకి అంత చరిత్ర ఉంది. నువ్వేమో దాన్ని గ్రాముల్లో తేలుస్తున్నావు.

ఎక్కడున్నాను? ఆఁ, బియ్యం దగ్గర. 1983లో ఎన్టీ రామారావు గారొచ్చి కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చారు. అరిచేతిలో వైకుంఠం అనుకున్నాం. పూట పూటా అన్నం తినడమే గొప్ప అనుకున్న ఇళ్లల్లో పొయ్యి వెలిగింది. ఒక తరం అలా గడిచిందో లేదో, అదే అన్నం మీద అనుమానం మొదలైంది. దొరకనంత కాలం అన్నం దేవుడు, దొరికాక దొంగ!

ఎప్పుడు తిరగబడిందో తారీఖు చెప్పలేను గానీ, 1994 బాగా గుర్తు. హైదరాబాద్‌లో పుట్టిన సుస్మితా సేన్ విశ్వసుందరి అయింది, అదే ఏడు ఐశ్వర్యా రాయ్ ప్రపంచసుందరి అయింది. సంతోషమే. ఆ తర్వాత మా వీధిలో కిటికీలోంచి చూస్తే ఆడపిల్లలు తాడాట మొదలెట్టారు. వారపత్రికల్లో వంటల పేజీ పక్కనే నడుము తగ్గించే పేజీ వచ్చింది. ఎడమ పేజీలో బొబ్బట్లు, కుడి పేజీలో బొబ్బట్లు తినకూడదని. ఆ సంపాదకుడికి దణ్ణం పెట్టాలి, రెండు రకాల వాళ్ల దగ్గరా డబ్బు రాబట్టాడు.

ఇక ఒకదాని తర్వాత ఒకటి. పరగడుపున తేనె నిమ్మరసం. ఆ తర్వాత క్యాబేజీ చారు. రాత్రిళ్లు చపాతీలు, చపాతీ ఏదో గాలితో చేసినట్టు. తర్వాత ఓట్స్. కొన్నేళ్ల కిందట అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం తాగడం వచ్చింది చూడు, మా వీధిలో నిమ్మకాయలు దొరకలేదు. కొబ్బరినూనె తలకి రాస్తే జుట్టు, తాగితే నడుము అన్నారు. ఇప్పుడు కొర్రలు, సామలు, అరికెలు. మంచివే, కాదనను. కానీ మా అత్తగారి ఊళ్లో వరి పండని మెరక వాళ్లు కొర్రన్నం తింటారని మా డెల్టావాళ్లు వాళ్లకి పిల్లనిచ్చేవాళ్లు కాదు. ఆ డెల్టావాళ్ల మనవలే ఇవాళ కొర్రలు అందమైన పొట్లంలో, సన్నబియ్యం కంటే ఎక్కువ డబ్బు పోసి కొంటున్నారు. ఆ మెరక ముసలమ్మలెవరైనా పైనుంచి చూస్తుంటే నోరు నొక్కుకుంటారు.

మీ నాన్న చిన్నమేనత్తని, అదే మా ఆడపడుచుని, నువ్వెరుగుదువు. ఈ మార్గాలన్నీ తొక్కింది మా ఇంట్లో ఆవిడే. పుట్టుకతోనే బొద్దు. పదహారేళ్లప్పుడు ఆ ఒంటికే పెళ్లివారు ఎగబడ్డారు, కానుకలు కూడా అడగలేదు. ముప్పై దాటేసరికి అదే ఒళ్లు ఊరందరికీ చర్చయింది. అరవైదాకా ఆ ఒంటితో పోరాడుతూనే ఉంది. సోమవారం మొదలెట్టేది. శుక్రవారానికి ఎవరింట్లోనో గారెలు. రెండు తిని, ఎలాగూ చెడిందని ఎనిమిది తిని, మళ్లీ సోమవారం కోసం ఎదురుచూసేది. తింటే ఆయాసం, తినకపోతే నీరసం.

నాకు ఆవిడ లావు ఎప్పుడూ అడ్డం రాలేదు. మాటలే అడ్డొచ్చాయి. పెళ్లికి వెళ్లొచ్చాక "ఎలా జరిగిందే?" అంటే పెళ్లికూతురు చీర రంగు చెప్పలేకపోయేది. ఎవరి విస్తట్లో ఎన్ని బూరెలు పడ్డాయో, ఎవరు నెయ్యి వద్దన్నారో, ఎవరు వద్దంటూనే దొన్నె చాపారో, అవన్నీ అప్పజెప్పేది. పత్రికల్లో వంటల పేజీలు కత్తిరించి బిస్కెట్ డబ్బాలో దాచేది. ఒక డబ్బా నిండి రెండోది, రెండోది నిండి మూడోది. "వీటిల్లో ఒక్కటైనా వండావుటే?" అని అడిగాను. "చదువుకుంటే చాలు వదినా, కడుపు నిండుతుంది" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

స్కూల్లో సైన్సు చెప్పేటప్పుడు ఒక పుస్తకంలో చదివిన సంగతి గుర్తొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944, 45ల్లో, అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆయన ఒక పరీక్ష పెట్టాడు. యుద్ధంలో తుపాకీ పట్టబోమని ఒట్టేసుకున్న కుర్రాళ్లు ముప్పై ఆరుగురు తమంతట తాము ముందుకొచ్చారు. ఐరోపాలో ఆకలితో మాడుతున్నవాళ్లకి మళ్లీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడానికి ఈ కుర్రాళ్లని ఇరవై నాలుగు వారాలు అర్ధాకలితో ఉంచారు. రోజుకి పదిహేనువందల కేలరీల పైచిలుకు. నీ ఫోనులో పన్నెండువందలని రాసి ఉంది, అటు తిప్పి పెట్టినా కనపడుతోందిలే.

ఆ కుర్రాళ్లకి ఏమైందనుకున్నావు? ఒంట్లో పావు వంతు బరువు పోయింది, అది సరే. బుర్రలో తిండి తప్ప వేరే సంగతి మిగల్లేదు. జీవితంలో గరిటె పట్టనివాళ్లు వంటల పుస్తకాలు పోగేశారు. ఒక్క భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. కంచాలు నాకారు. కలల్లో కూడా తిండే. పరీక్ష అయ్యాక చాలామందికి ఎంత తిన్నా తిన్నట్టు అనిపించలేదు, అది సర్దుకోవడానికి నెలలు పట్టింది. అది చదివినప్పుడు నాకు మా ఆడపడుచు బిస్కెట్ డబ్బాలు కళ్లముందు కనపడ్డాయి. పాపం, ఆవిడకి నోరు కట్టుకునే శక్తి లేదని అందరం అనుకున్నాం. శక్తి లేకపోవడమేమిటి, ముప్పై ఏళ్లు కట్టుకుంది! ఒళ్లు కరువొచ్చిందనుకుని తన జాగ్రత్త తను పడింది, అంతే.

తమాషా ఏమిటంటే ఇప్పుడు మీరంతా చూసుకునే ఆ బీఎంఐకి పేరు పెట్టింది కూడా ఆ కీస్ గారే, 1972లో. లెక్క మాత్రం ఆయనది కాదు, అంతకు నూట ముప్పై, నలభై ఏళ్ల ముందుది. క్వెటెలె అని బెల్జియం దేశపు పండితుడు, నక్షత్రాలు చూసేవాడు, జనాల కొలతలన్నీ పోగేసి సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చబోయాడు. ఆ సగటు మనిషి ఎక్కడా పుట్టలేదు, పుట్టడు. ఆ లేని మనిషితో పోల్చి నిన్ను నువ్వు ఎందుకు తిట్టుకుంటావు? డాక్టర్లు చూస్తారంటే వాళ్లకి కారణముంది. మనవాళ్లకి అంత లావు కాకుండానే షుగరు పట్టుకుంటోందని మనకి హద్దు ఇరవై మూడు దగ్గరే పెట్టారు. డాక్టరు చెబితే వినాలి. పక్కింటివాళ్లు చెబితే వినక్కర్లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

పథ్యం మాకు కొత్త కాదు తల్లీ. మా కాలంలో పథ్యాలు ఇప్పటికంటే కఠినం. బాలింతకి పాతబియ్యం అన్నం, వెల్లుల్లి, మిరియాలు, కాయం. పులుపు తగలకూడదు. కామెర్లు వస్తే ఉప్పు లేని మజ్జిగన్నం, అది తినేవాడి మొహం చూడాలి! కానీ ఆ పథ్యానికి గడువుండేది. ఫలానా రోజున విడవాలని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆ రోజు తలంటిపోసి, కూచోబెట్టి, ఇంట్లో అందరూ చుట్టూ చేరి మొదటి ముద్దలో ఇంత నెయ్యి వేసి కలిపి పెట్టేవాళ్లు. జబ్బుమనిషి మళ్లీ మామూలు మనిషై పంక్తిలోకి వచ్చినట్టు.

ఉపవాసాలూ అంతే. ఏకాదశి ఉంటే మర్నాడు ద్వాదశి పారణ ఉంటుంది. పారణ చెయ్యకపోతే ఉపవాసం ఫలమే లేదన్నారు. అట్లతద్ది సంగతి అడుగు. ఆశ్వయుజ బహుళ తదియ. ముందురోజు రాత్రి గోరింటాకు పెట్టుకుని పడుకుంటే, ఇంకా చీకటుండగానే అమ్మ లేపేది. నక్షత్రాలు ఉండగానే గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు వేసుకుని ముద్దలు ముద్దలు తిని, వీధిలో పడి ఉయ్యాలలూగేవాళ్లం. పగలంతా ఉపవాసం. చందమామ రాగానే అట్లు. పదకొండు వాయనానికి, ఆ తర్వాత మనం తిన్నన్ని. పొద్దున్నే అలా తిని చేసేది ఉపవాసమా అని మీ తాతయ్య వెక్కిరించేవారు. ఆయనకేం తెలుసు? ఆకలి ఎప్పుడు మొదలో ఎప్పుడు చివరో తెలిసి ఉంటే పిల్లలు దాన్ని కూడా ఆటలా ఆడేస్తారు. మీ డైటింగుకి ఆ చివరే లేదు. పారణ ఏ రోజో ఎవరూ చెప్పరు. చెప్పాల్సినవాడు ఇంకో పొడి డబ్బా అమ్ముతాడు.

మా ఆడపడుచుకి పారణ రోజు చెప్పింది ఎవరనుకున్నావు? టైలరు.

మా రోజుల్లో బట్టలు కుట్టడంలో ఒక మర్యాద ఉండేది. చీరకైతే సైజే లేదు. మా అమ్మ పట్టుచీర నేను కట్టాను, మీ అత్త కట్టింది, నువ్వూ కట్టావు. నలుగురివీ నాలుగు రకాల ఒళ్లు, చీర ఎవర్నీ ఏమీ అనలేదు. రవికె కుట్టేవాడు పక్కల లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి, వరసగా మూడు కుట్లు వేసేవాడు. పెళ్లయ్యాక ఒక కుట్టు విప్పుకునేవాళ్లం, కాన్పయ్యాక రెండోది. కంసాలి కూడా వడ్డాణానికి నాలుగు కొక్కేలు ఎక్కువే పెట్టేవాడు. ఆడదాని ఒళ్లు ఒక్కలాగే ఉండదని వాళ్లకి తెలుసు. ఇప్పటి రెడీమేడ్ వాటికి లోపల పావు అంగుళం కూడా ఉండదు, గుడ్డ కలిసొస్తుందని. పైగా మెడ దగ్గర సైజు కాగితం, చదువుకుని ఏడవడానికి.

ఆవిడ దగ్గర ముదురు ఆకుపచ్చ పట్టు రవికె ఒకటి ఉండేది, పెళ్లిలోది. అందులో మళ్లీ పట్టాలని ఆవిడ పంతం. బీరువాలో ఎదురుగా కొక్కేనికి తగిలించి పెట్టుకుంది, తలుపు తీసినప్పుడల్లా కనపడాలని. మనవరాలి ఓణీల వేడుకకి ముందు దాన్ని పట్టుకుని నన్ను వెంటేసుకుని టైలరు దగ్గరికి వెళ్లింది. ముసలాయన. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రవికె తిరగేసి, లోపలి కుట్ల గుర్తులు వేలితో తడిమి చూశాడు.

"మూడు కుట్లూ అయిపోయాయమ్మా. ఇంక గుడ్డ లేదు."

"నేను తగ్గుతానండీ. రెండు నెలలు ఆగి వస్తాను."

"ఈ మాట మీ అమ్మాయి పెళ్లప్పుడూ అన్నారమ్మా" అన్నాడాయన, తప్పు పట్టినట్టు కాకుండా, లెక్కల పుస్తకం చూసి చెప్పినట్టు. "ఈ జరీ బంగారం లాంటిది. అంచు విప్పి కొత్త రవికె చేతులకి వేస్తాను. ఇప్పటి కొలతలు ఇచ్చి వెళ్లండి."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేతులు చాపి నిలబడింది. టేపు చుడుతుంటే పొట్ట లోపలికి పీల్చలేదు. అది నేను గమనించాను, ఎందుకంటే అన్నేళ్లలో అలా ఊపిరి వదిలి కొలతిచ్చిన మనిషి కాదు ఆవిడ. "గుడ్డ ఎంత వదలమంటారు?" అంటే "బాగా వదలండి" అంది.

రాత్రికి రాత్రి జ్ఞానోదయం అయిందనుకోకు. నెలకోసారి పాత బుద్ధి పుట్టేది. షుగరు హద్దు దగ్గరుందని డాక్టరు చెప్పారు, మాత్రలిచ్చారు, నడవమన్నారు. రోజూ గోదావరి గట్టున నడుస్తుంది, సన్నబడడానికైతే ఇంత దూరం నడిచేదాన్ని కాదంటుంది. కూర ఎక్కువ, అన్నం తక్కువ, మొదటి ముద్దలో నెయ్యి తప్పదు. డాక్టరు దగ్గర మిషను ఎక్కినా అంకె తనకి చెప్పొద్దంటుంది. తగ్గిందా పెరిగిందా అని నన్నడగకు, నేను చూడలేదు. బిస్కెట్ డబ్బాలు మాత్రం ఖాళీ అయ్యాయి. అందులో ఉన్నవి ఒక్కొక్కటే వండింది. సగం బాగాలేవు. "ఇన్నేళ్లూ దీని కోసమా వదినా నేను నోరూరింది?" అని ఒక అరటిపువ్వు కేకు ముక్క చూపించి పడీ పడీ నవ్వింది.

మొన్న శ్రావణంలో మా మరిది మనవడి పెళ్లికి వెళ్లాం. దానికి ముందు ఆవిడకి టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టింది. మొహం పీక్కుపోయింది. పెళ్లిలో అటు తరఫు పిల్ల ఒకర్తె, నీ ఈడుదే, పరుగెత్తుకుంటూ వచ్చి, "అబ్బ, ఎంత తగ్గిపోయారు పిన్నిగారూ! ఏం చేశారో నాక్కూడా చెప్పండి" అని చేతులు పట్టుకుంది.

"టైఫాయిడ్ తెచ్చుకున్నానమ్మా" అంది ఈవిడ, చేతిలో బూరె తుంచుకుంటూ. "నీక్కూడా కావాలా?"

ఆ పిల్ల నవ్వలేదు. కాస్త దగ్గరికి వంగి, "ఎన్ని రోజుల్లో తగ్గారండీ?" అని అడిగింది.